మిర్యాలగూడల జాయిన్ అయింది

మా దవాఖానకు ఒకసారి హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి మాకు క్లాసు చెప్పిండు. పనిచేసే కాడ మనిషి ఎట్ల ఉంటడు, ఎందుకట్ల ఉంటడు అని. గోడ మీద బొమ్మలేసి చూపిచ్చిండు. మనిషి స్వభావమట, పెరిగిన తీరట, పై అధికారి మాటతీరట, ఇంకా ఏందేందో చెప్పిండు. ఆయన చెప్పినదాంట్ల తప్పేం లేదు. కాని ఆయన నిలబడ్డది ఏసీ కింద, మేం కూసున్నది గాలాడని మూలకు. నైట్ డ్యూటీ దిగి వచ్చిన పిల్లలు కండ్లు తెరిచే నిద్రపోతున్నరు. నాకు నోరు ఊకుంటదా? "సార్, ముందుగాల ఫ్యాన్ యాడుందో రాసుకోండ్రి, స్వభావం సంగతి తర్వాత" అన్న. పిల్లలంత నవ్విన్రు. మా మేనేజర్ మాత్రం నా దిక్కు గుడ్లురిమి చూసిండు.

నేను సూర్యాపేటల ఒక ప్రైవేటు దవాఖానల హెడ్ సిస్టర్‌ని. పుట్టింది హాలియా దగ్గర, నన్నిచ్చింది సూర్యాపేటకు. నా వయసు సగం వార్డులల్లనే గడిచింది. నా నోటికి భయపడని ఆయా లేదు, నా డబ్బల అన్నం తినని ఆయా గూడ లేదు. ఆ ఫ్యాన్ మాట నేను ఊకె అనలే. మా స్టాఫ్ రూంల ఒక్కటే ఫ్యాన్. దాని కింది కుర్చీ దొరికినోళ్ళు ఆ పూట పేషెంట్లను అవ్వా, అన్నా అని పిలుస్తరు. దొరకనోళ్ళు సూది జర గట్టిగనే గుచ్చుతరు. ఇది నేను కండ్లార చూసిన సంగతి, దీనికి బొమ్మలు అక్కర్లేదు.

కాని ఫ్యాన్ కంటె, జీతం కంటె, పెద్ద డాక్టరు కోపం కంటె గూడ మనిషిని ఎక్కువ తిప్పేది ఇంకోటుంది. చెవులు ఏం వినాల్నో ముందే అనుకొని కూసుంటయి. మాట తర్వాత వస్తది. ఆ క్లాసు చెప్పినాయన ఇది చెప్పలే. మాకు ఇది చెప్పింది గొర్లు కాసే ఒక పెద్దమనిషి నోట్లకెల్లి వచ్చిన ఒక మాట.

ఆ కత జరిగేటప్పటికి కొన్ని నెలల ముంగట మిర్యాలగూడల ఒక పెద్ద దవాఖాన తెరిచిన్రు. అద్దాల బిల్డింగు, లిఫ్టు, కింద కాఫీ దుకాణం. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలకు అటు నుంచి ఫోన్లు వచ్చుడు మొదలైంది. ముందుగాల ఒకామె పోయింది. అమ్మకు పాణం బాగలేదక్కా, జర ఊరికి పోయొస్త అని పోయి, వారం తిరగకముందే ఆ అద్దాల ముందట నిలబడి ఫోటో పెట్టింది. తర్వాత ఇంకొకామె. ఆమె అయితె చెప్పకనే మాయం. ఇంట్లోళ్ళతోటి ఫోన్ చేపిచ్చింది, మా పిల్ల అక్కడ జాయిన్ అయింది ఇగ రాదు అని. ఇగ సూస్కో, మా దవాఖానల జాయిన్ అనే మాట తిట్టయి కూసుంది. ఎవరన్న ఫోన్ పట్టుకొని మెట్లకాడికి పోయి మెల్లగ మాట్లాడితె సాలు, ఎనకకెల్లి ఇంకొకరు "ఏందే, జాయిన్ అయితున్నవా?" అనుడే.

మా మేనేజర్‌ది కోదాడ. పొద్దున బస్సుల వస్తడు, సాయంత్రం బస్సుల పోతడు. ఆంధ్రకు ఆనుకొని ఉన్న ఊరు గదా, మాటంత అటే ఉంటది. అండీ, గారూ, లెండి. తిట్టినా గారూ పెట్టే తిడతడు. చెడ్డోడు కాదు. కాని ఆ ఇద్దరు పోయినంక పెద్ద డాక్టరు ఆయన్ని అందరి ముందట అన్నడు, నీ కండ్ల ముందే మనుషులు జారిపోతుంటె నువ్వేం మేనేజరువయ్యా అని. ఆనాటి సంది ఆ మనిషి మారిండు. ఎవరన్న లీవు అడిగితె ఎక్కడికండీ, ఎవరింటికండీ అని పోలీసోడి లెక్క అడుగుడు. మాకు స్టాఫ్ వాట్సాప్ గ్రూపు ఒకటుంటది, డ్యూటీలు అందుల్నే పెడతడు. దాంట్ల పొద్దుగాల లేస్తె ఒకటే మెసేజ్: చెప్పకుండా మానేసినవారికి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇవ్వబడదు. నర్సు పిల్లకు ఆ కాయితం లేకుంటె ఎన్నేండ్లు చేసినా చెయ్యనట్టే. మళ్ల మొదటికెల్లి మొదలు పెట్టాలె.

ఇగ ఆ పిల్ల సంగతి. నేరేడుచర్ల అవతల ఒక పల్లె వాళ్ళది. నాయిన గొర్లు కాస్తడు, అన్న ఇంత పొలం చేస్తడు. ఆ ఇంట్ల నౌకరి అనే మాట తెచ్చింది ఈ పిల్లే మొదలు. మా దగ్గరికి వచ్చిన కొత్తల డాక్టరు ఏమన్న అడిగితె నోరు పెగలకపోయేది. కాని గొర్రెపిల్లల్ని పట్టి పెరిగిన చెయ్యి గదా, పసిపిల్లలకు సూది పెట్టాలంటె అందరం దాన్నే పిలిచేది. ఎంత మారాం చేసే పిల్లనైనా సంకలేసుకొని ఏదో గొణుగుతది, పిల్ల ఊకుంటది, నరం దొరుకుతది. పని నేర్పిందైతె నేనే. తిట్టిన గూడ. ఒకసారి ట్రే కింద పడేస్తె చెవి మెలేసిన. నా సొంత బిడ్డ ఒక్క మాట పడదు. ఇది మాత్రం తలకాయ వంచుకొని నవ్వేది, తెల్లారి నాకోసం జొన్నరొట్టె కట్టుకొచ్చేది.

ఆ రెండో ఆమె పోయిన్నాడు నేను మస్తు కోపం మీద ఉన్న. ఇది సెలైన్ సీసా తగిలిస్తుంటె, నువ్వెప్పుడు పోతున్నవే అని దీన్ని గూడ గెలికిన. అది సీసా దిక్కు చూసుకుంటనే, "పోతె నీకు చెప్పి పోత అక్కా. చెప్పకుండ పోను" అన్నది. ఆ మాట నేను మనసుల పెట్టుకున్న.

వానలు పడి ఆగిన దినాలు. దోమలు కమ్ముకున్నయి, మా వార్డులన్ని జరాలోళ్ళతోటి నిండి ఉన్నయి. ఆ పిల్ల ఆదివారం ఆఫ్ తీసుకొని ఊరికి పోయింది. సోమవారం రాలే. బస్సు దొరకలేదేమో అనుకున్నం. ఫోన్ చేస్తె రింగు పోయి పోయి ఆగుతది, ఎత్తుతలేదు. మంగళవారం రాలే. ఫోన్ స్విచాఫ్. నాకు మనసుల పురుగు తొలిచినట్టయింది.

అప్పుడు రిసెప్షన్‌ల కూసునే పిల్ల మెట్లెక్కి పరుగున వచ్చింది. డ్యూటీకి రాని పిల్ల నాయిన ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసిండట. "మా బిడ్డ మిర్యాలగూడ హాస్పిటల్‌ల జాయిన్ అయింది మేడం, ఇగ డ్యూటీకి రాదు" అన్నడట, ఎవరిదో ఫోనట, మళ్ల ఇంకో మాట మాట్లాడకుండ పెట్టేసిండట. మాటకు మాట అట్లనే అప్పజెప్పింది. ఆ పిల్ల తప్పు వినలే, తప్పు చెప్పలే. ఓపీ టైం, ముందట ఇరవై మంది ఒర్లుతున్నరు, అయినా ఉన్నదున్నట్టు చెప్పింది. దాన్ని అనటానికి ఏం లేదు.

ఇగ చూడాలె మా మనుషుల్ని. పొద్దటిదాక దాన్ని బంగారం అన్న నోర్లే. నాకు ముందే తెల్సు, మొన్న కొత్త చెప్పులు కొన్నది అన్నదొకామె. చెప్పులకు నౌకరికి ఏం సంబంధమో ఆమెకే ఎరుక. మొన్న ఎదురొస్తె నన్ను పలకరియ్యలే, గప్పుడే అనుమానమొచ్చింది అన్నది రిసెప్షన్ పిల్ల. మా ఆయా అయితె ఇంకా ముందుకు పోయి, ఆదివారం పోయేటప్పుడు గేటుకాడ ఎనక్కి తిరిగి దవాఖానను చూసిందమ్మా, నేను కండ్లార చూసిన అన్నది. అది ఆటో కోసం చూసి ఉంటదని ఎవరికి తోచలే. ఫోన్ ఎత్తుతలేదంటె తప్పు చేసిందన్నట్టే గదా అని ఇంకొకరు తీర్పు చెప్పిన్రు. దాని స్టీలు గ్లాసుల ఎవరో పెన్నులు పెట్టిన్రు. తెల్లారి మేనేజర్ గ్రూపులకెల్లి దాని నెంబర్ తీసేసిండు. తీసేసి ఊకున్నడా, నమ్మకద్రోహం గురించి ఇంత పొడుగు మెసేజ్ పెట్టిండు. దాని కింద అందరు దండం బొమ్మలు, బొటనవేళ్ళు, తలా ఒక మాట.

నేను ఏం పెట్టలే. నాకు కోపం లేక కాదు, కడుపు మండిపోయి. అది మిర్యాలగూడ పోయిందని కాదు, పిల్లలు రెక్కలొస్తె పోతరు, పోవాలె గూడ. నాకు చెప్పకుండ పోయిందని. చెప్పి పోత అని నోరార అన్నది గద. రొట్టెలు తెచ్చి పెట్టుకుంట, అక్కా అక్కా అనుకుంట, కడుపుల ఇదా పెట్టుకున్నది అని నాలుగు దినాలు అన్నం సక్కగ తినలే. ఫోన్ చేసుడు నేను గూడ బంద్ పెట్టిన.

శుక్రవారం నాడు మేనేజర్ నన్ను పిలిచి చెప్పిండు, ఆమె జాగల కోదాడ నుంచి ఇంకో అమ్మాయి సోమవారం సంది వస్తదని. పోయిన పిల్ల వచ్చి సర్టిఫికెట్ అడిగితె ఏం చేస్తరు సార్ అంటె, "అడిగే ముఖం ఉండాలి కదండీ" అన్నడు. ఆ మాటకు నాకు ఎందుకో దాని మీద ఉన్న కోపం ఇంకో దిక్కు తిరిగింది. రెండేండ్ల చాకిరి సున్న అయిపోతది దానికి. సోమవారం దాటితె ఇగ ఏం చెయ్యరాదు. పోనీ ఒక్క మాట నాకు చెప్పి, నోటీసు రాసిచ్చి పోతె ఏమాయె? ఏం మాయరోగం? అది నా ముఖం మీద చెప్పాలె, నేను దాని చెంప మీద ఒకటియ్యాలె, ఆ తర్వాత మేనేజర్‌ను బతిమాలుడో ఏందో చూద్దాం అనుకున్న. శనివారం నాకు ఆఫ్. మిర్యాలగూడల బట్టలు సవకగ, తక్కువకే దొరుకుతున్నయట, పోయొస్త అని మా ఆయనకు చెప్పి బస్సెక్కిన. మా ఆయన నా ముఖం చూసి, బట్టలు కొనుడుకు పోతున్నవా ఎవరినన్న కొట్టుడుకు పోతున్నవా అన్నడు. ముప్పై ఏండ్ల కాపురం ఊకెనే అయితదా.

బస్సు నేరేడుచర్ల మీదికెల్లి పోయేది. కిటికీ పక్క సీటు దొరికింది, కాని నేను బయట ఏం చూడలే. తిట్లు వరుసల పెట్టుకుంట పోయిన. ముందుగాల మెల్లగ, బాగున్నవా బిడ్డా అని అడగాలె. అది సిగ్గుపడాలె. అప్పుడు, పెద్ద దవాఖానల పెద్దమనిషివయినవ్, మేం యాదికుంటమా అనాలె. అప్పుడు ఏడుస్తది. ఏడ్చినంక అసలు తిట్లు. నేరేడుచర్లల మిల్లుల కాడ ఉడికిన వడ్ల వాసన బస్సు నిండ కొట్టింది. పక్క సీట్ల ముసలామె నా దిక్కు తిరిగి, ఎవర్ని తిడుతున్నవ్ బిడ్డా అని అడిగింది. నా పెదవులు కదులుతున్నయట. మా కోడల్ని అన్న. నాకు కోడలే లేదు. ఆమె మాత్రం చాన సంతోషపడి, మిర్యాలగూడదాక తన కోడలి సంగతి చెప్పుకుంట వచ్చింది.

అద్దాల దవాఖాన నిజంగనే అద్దాల దవాఖాననే. లోపలికి పోతె సల్లగ ఉన్నది, ఏసీ. ఇగ పిల్లలు రాకేం చేస్తరు అనుకున్న. ముందట కూసున్న పిల్లను అడిగిన, ఈ వారంల జాయిన్ అయిన పిల్ల, నేరేడుచర్ల దిక్కుది, యాడుంటది అని, పేరు గూడ చెప్పిన. ఆమె కంప్యూటర్‌ల చూసి, రెండో అంతస్తు ఆడోళ్ళ వార్డు అన్నది. ఇంకో మాట గూడ చెప్పింది.

"ఎక్కువసేపు ఉండొద్దమ్మా, ఎక్కువ మాట్లాడిపియ్యొద్దు. డాక్టర్ గారు ఊకోరు."

చూసినవా, అనుకున్న. డ్యూటీల ఉన్నోళ్ళతోటి మాట్లాడనియ్యరట, ఎంత కట్టుదిట్టం. మా కాడ ఉన్నప్పుడు గంట గంట ముచ్చట్లు పెట్టేటిది, ఇక్కడ బుద్ధిగ ఉంటున్నదన్న మాట. వచ్చుడుతోనే వార్డు గూడ ఇచ్చిన్రు. నాకు లోపల ఇంకింత రాజుకుంది. లిఫ్టు కోసం ఆగితె కోపం సల్లారుతదని మెట్లెక్కి పోయిన.

పైన మెట్ల మలుపుకాడ మా దగ్గరికెల్లి చెప్పకుండ మాయమైన ఆమె కనపడ్డది. నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు చూసి, గబుక్కున పక్క రూంల దూరి తలుపేసుకున్నది. ఇగ నాకు అనుమానమే లేదు. గుంపంత గీడనే ఉన్నది అనుకున్న. కొంగు బొడ్ల దోపుకొని వార్డులకు పోయిన.

రెండు దిక్కుల మంచాలు. నడుమ ముగ్గురు నర్సులు తిరుగుతున్నరు, కొత్త యూనిఫారాలు. ఒక్కొక్కరి ముఖం చూసుకుంట పోయిన. ఈమె కాదు. ఈమె కాదు. కిటికీకాడ ఒకామె అటు తిరిగి మందులు సదురుతున్నది, జడ అచ్చం దానిదే. భుజం మీద చెయ్యేసి ఇటు తిప్పిన. ఎవరో ఏందో, ఆ పిల్ల బెదిరింది. బాత్రూం దిక్కు చూసిన, లేదు. వార్డు చివరిదాక పోయి మళ్ల ఎనక్కి వస్తున్న.

"అక్కా, ఎవరి కోసం తిరుగుతున్నవ్? నేను గీడున్న."

ఆ గొంతు కింది నుంచి వచ్చింది. మంచం మీదికెల్లి. ఇన్నేండ్ల నుంచి వార్డులల్ల తిరిగిన మనిషిని, ఆ వార్డుల ఒక్క మంచం దిక్కు గూడ నేను చూడలే.

జుట్టు విచ్చుకపోయి ఉన్నది. పెదవులు ఎండి పగిలినయి. ముఖం పాలిపోయి, కండ్లు లోపలికి పోయి, దాన్ని అది అని పోల్చుకునేతందుకు నాకే జర సేపు పట్టింది. అందరికి నరం వెతికే ఆ చెయ్యికే సూది పెట్టి ప్లాస్టరేసిన్రు, మోచేతిదాక కమిలి నల్లగయింది. బస్సుల వరుస పెట్టుకున్న తిట్లల్ల ఒక్కటంటె ఒక్కటి యాదికి రాలే. మంచం మీద కూలబడ్డ. ఏమైందే అన్న, అంతే.

డెంగీ. ఆదివారం ఇల్లు చేరేటప్పటికే ఒళ్ళు కాలిపోతుండెనట. మా వార్డుల దోమలు కుట్టినయో ఊర్ల దోమలు కుట్టినయో దేవునికెరుక. సోమవారం డ్యూటీకి వస్తనని లేసి, వాకిట్ల విరుచుకొని పడిపోయిందట. ఎత్తి ఆటోల ఏసుకొని దగ్గరని మిర్యాలగూడకు తెచ్చిన్రు. ఆ హడావుడిల ఫోన్ ఇంట్ల మంచం కిందనే ఉండిపోయింది. మోగి మోగి సచ్చింది. ప్లేట్‌లెట్లు బాగ పడిపోయినయట, ఒక రాత్రి అయితె డాక్టర్లు నాయినను పిలిచి ఎటూ చెప్పలేమన్నరట. ఇది చెప్తుంటె నేను దాని మంచానికి తగిలిచ్చిన కేసుషీటు తీసి చూసిన. నిన్నటి సంది లెక్క పైకి ఎక్కుతున్నది. జరం దిగింది. రక్తం యాడ పోతలేదు. ఇంకోసారి చూసిన, మళ్ల మొదటికెల్లి చూసిన. గండం దాటింది. హమ్మయ్య అని నేను పైకే అన్న, అటు పక్క మంచం మీదామె గూడ నా దిక్కు చూసింది. నా పాణం లేచొచ్చింది అంటె ఏందో నాకు ఆనాడే తెల్సింది.

నేను షీటు మళ్ల తగిలిస్తుంటె అది నా చెయ్యి పట్టుకున్నది. దాని కండ్ల నిండ నీళ్ళు.

"అక్కా, జరమొస్తె గ్రూపులకెల్లి తీసేస్తరా?"

నిన్న అన్న ఫోన్ తెచ్చిచ్చిండట. ఛార్జింగు పెట్టి తెరుస్తె మొట్టమొదలు కనపడ్డది అదే. నాయినతోటి ఫోన్ చేపిచ్చి చెప్పినంక గూడ తీసేసిన్రంటె, ఇగ తన నౌకరి పోయిందనే అనుకున్నదట. జరమొచ్చినోళ్ళను ఎవరుంచుకుంటరు, వార్డుల మనుషులు తక్కువున్నరు గద అని తనకు తనే సర్ది చెప్పుకున్నదట. నాకెందుకు చెయ్యలేదే అంటె, నువ్వు గూడ ఆ గ్రూపులనే ఉన్నవ్ గదక్కా అన్నది. రాత్రంత ఏడ్సిందట. పోతె నీకు చెప్పి పోత అన్న గద, చెప్పకుండనే పోవుడైపాయె అని ఏడ్సిందట.

ఇగ దాసుకొని ఏం లాభం? ఉన్నదున్నట్టు చెప్పిన. నువ్వు గీడ నౌకరిల జాయిన్ అయినవనుకున్నమే పిచ్చిదానా, నిన్ను తిట్టుడుకే వచ్చిన నేను అన్న. అది నోరు తెరిచి నన్నే చూసింది. అర్థమయినంక కిసుక్కుమని నవ్వింది. నవ్వుతె పక్కలు నొస్తున్నయి అనుకుంట నవ్వింది. ఏడుపు గూడ ఆగలే, రెండు కలిసి వచ్చినయి. నాకు గూడ అంతే. కొత్త యూనిఫారం నర్సు వచ్చి, పెద్దమనిషివి నువ్వన్న చెప్పాలె గదమ్మా అని నన్నే గదిరిచ్చింది.

అంతల దాని నాయిన కొబ్బరిబొండం పట్టుకొని వచ్చిండు. భుజాన తువ్వాల, పల్చటి మనిషి. సూర్యాపేట మేడం వచ్చిందంటె నిలబడి దండం పెట్టిండు, కూసోమన్నా కూసోడు. కూతురు సంగతి చెప్పింది. ఆయన నవ్వలే. ముఖం మాడిపోయింది. తప్పు తనదే అనుకున్నడు పాపం.

"మేం దవాఖానల షరీక్ చేసినం అంటమమ్మా. పెద్ద దవాఖానోళ్ళు గద, గట్లంటె నవ్వుతరని ఆటో పిలగాన్ని అడిగి జాయిన్ అని నేర్చుకున్న. మీ దవాఖాన మందుల కవరు మీద నెంబరుంటె ఆయన ఫోన్ల కెల్లే చేసిన."

షరీక్ చేసినం అని ఆయన మాట ఆయన అని ఉంటె మా ఆయాకు గూడ తెలిసేది, ఆ పిల్ల పాణం బాగలేక మంచాన పడ్డదని. ఎవరూ తమను తాము షరీక్ చేసుకోరు గద. మాకోసమని మాట మార్చిండు. మా అద్దం తలుపు, మా కుర్చీలు, మా మేడంలు ఆయన నోట్ల మాట మార్పిచ్చినయి. మేమేమో ఆ మాటకు మా అనుమానం అతికిచ్చుకున్నం. తప్పు నీది కాదన్నా, మాటది గూడ కాదు అన్న. మా చెవులది అని మాత్రం పైకి అనలే, ఆ మనిషి ఇంకా పరేషాన్ అయితడని.

నేను అక్కణ్నే నిలబడి మేనేజర్‌కు ఫోన్ కొట్టిన. మిర్యాలగూడ దవాఖానల ఉన్న సార్, ఆ పిల్ల ముందటనే అన్న. ఆయన గొంతు వెంటనే గట్టిపడ్డది. మీరు కూడా అక్కడికి వెళ్ళారా సిస్టర్ గారూ అన్నడు. నేను గూడ జాయిన్ అయిన్ననుకున్నడు, సచ్చినోడు. పిల్ల మంచం మీద ఉంది సార్, సెలైన్ ఎక్కుతున్నది అన్న.

"అంటే... జాయిన్ అయిందంటే... పేషెంటుగానా అండీ?"

మరి పెండ్లికా అన్న. అయ్యయ్యో అన్నడు, మళ్ల అయ్యయ్యో అన్నడు. ప్లేట్‌లెట్లు ఎంతండీ అని అడిగిండు. ఎక్కుతున్నయి, గండం దాటింది అంటె ఆయన ఊపిరి వదిలిన సప్పుడు నాకు ఫోన్‌ల ఇనపడ్డది. అప్పుడు నేను అసలు మాట అడిగిన. సోమవారం కోదాడ పిల్ల వస్తున్నది గద, దీని సంగతేంది? వెనుకాముందు చూసుకోకుండ దీని జాగ ఇచ్చేసిన్రు గద. ఆయన, మానేసింది ఇద్దరు కదండీ, ఖాళీలూ రెండు ఉన్నాయి, ఆ అమ్మాయీ వస్తుంది, మన అమ్మాయీ ఉంటుంది అన్నడు. మన అమ్మాయి అన్నడు. నాకు చెప్పకుండ్రి, దానికే చెప్పుండ్రి అని ఫోన్ దాని చెవికి ఆనిచ్చిన. ఆయన గొంతు నాకు గూడ ఇనపడుతనే ఉంది.

"నీ డ్యూటీ నీదేనమ్మా. బాగా తగ్గాకనే రా."

అది తలకాయ ఊపింది, ఫోన్‌ల కనపడతదన్నట్టు. వాళ్ళ నాయిన మంచం కోడు పట్టుకొని, ఏమన్నడు, ఏమన్నడు అని నన్ను అడిగిండు. నౌకరి యాడికి పోలేదన్నా అంటె, అప్పుడు కూసున్నడు ఆ మనిషి.

ఫోన్ పెట్టేసేవరకు తలుపు చాటుకెల్లి మా పాతామె వచ్చింది, చెప్పకుండ మాయమైనామె. చేతుల టీ. నెత్తి వంచుకొని నిలబడ్డది. ఈ ఐదు దినాలు దీన్ని రాత్రిపగలు చూసుకున్నది ఆమేనట. నువ్వన్న ఒక ఫోన్ చెయ్యొద్దా అన్న. చేసిన అక్కా, మీరు నా నెంబర్ బ్లాక్ చేసిన్రు అన్నది. టీ తాగిన. టీ మాత్రం మా కాడికంటె బాగుంది, ఆ మాట మేనేజర్‌కు చెప్పలే.

జర సేపటికి ఆ పిల్ల ఫోన్ టింగుమన్నది. అదే సమయానికి నాది గూడ. మేనేజర్ పాత గ్రూపే మొత్తం తీసిపారేసి కొత్త గ్రూపు తెరిచి అందరికి లింకు పంపిండు. వెనుకనే నాకొక్కదానికి వేరేగ ఒక మెసేజ్ పెట్టిండు: పాతదానిలో మనం అన్న మాటలు ఉన్నాయండీ, వద్దులెండి. ఆ మనిషి మీద నాకు ఆ పూట చాన ప్రేమ, పావురం పుట్టింది.

లింకు మీద అది ఎడమచేతి బొటనవేలితోటి నొక్కింది. ఒకటెనక ఒకటి పేర్లు పడుతున్నయి. రిసెప్షన్ పిల్ల వచ్చింది, చెప్పుల సంగతి చెప్పినామె వచ్చింది. మా ఆయా వాయిస్ మెసేజ్ పెట్టింది, నాకు ముందే తెల్సు మా బిడ్డ అసొంటిది కాదని, నీ గ్లాసు తోమి పెట్టిన్న తొందరగ రా అని. అది ఆ గొంతు ఇనుకుంట, ఎండిన పెదవులతోటి నవ్వుకుంట పండుకున్నది.

బొండం కొట్టిచ్చుకొచ్చేతందుకు కిందికి పోయిన వాళ్ళ నాయిన అప్పుడే వచ్చి, దాని ముఖం చూసి, ఏమొచ్చింది బిడ్డా ఫోన్‌ల అని అడిగిండు.

"నేను జాయిన్ అయిన అని వచ్చింది నాయినా."

ఆయన బొండం పట్టుకొని ఉన్నకాడనే ఆగిపోయిండు.

"మళ్ల ఏ దవాఖానల బిడ్డా?"

మా దాంట్లనే అన్నా, పనికే అని చెప్పిన. ఆయన ఇంకోసారి అడిగిండు, నిజమేనా అని. నిజమే అన్న.